పిల్లల పూర్వ వృత్తాంతం: అడిగే ప్రశ్నల వెనక చరిత్ర

7.1 పరిచయం

ప్రత్యేక విద్య అవసరం కావచ్చని అనుమానం కలిగిన పిల్లవాణ్ణి మదింపు చేసేటప్పుడు మొదట బల్ల మీదికి వచ్చేది పరీక్షల పెట్టె కాదు, ఒక ప్రశ్నల పత్రం. కాన్పు ఎక్కడ జరిగింది, పుట్టగానే ఏడ్చాడా, మెడ ఎప్పుడు నిలిపాడు, ఎప్పుడు నడిచాడు, మొదట పలికిన మాట ఏది, ఫిట్స్ వచ్చాయా, మీ ఇంట్లో ఇలాంటివారు ఇంకెవరైనా ఉన్నారా, మీది మేనరికమా అంటూ ఆ వరస సాగుతుంది. దీన్ని పూర్వ వృత్తాంతమనీ, నేపథ్య సమాచారమనీ, వాడుకలో కేస్ హిస్టరీ అనీ అంటారు. ఆ పత్రాన్ని నింపే పద్ధతిని వెనకటి భాగంలో చదివారు. ఈ భాగంలో ఆ పత్రం ఎలా తయారైందో తెలుసుకుందాం.

నింపడం వస్తే చాలదా, దానికి చరిత్ర ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ ప్రశ్నలన్నీ ఒకే కాలంలో, ఒకే ఉద్దేశంతో పుట్టినవి కావు. కొన్నింటిని పిల్లవాడికి సాయపడాలనుకున్న వైద్యులు రాశారు. కొన్నింటిని అతని తల్లిదండ్రుల్లో తప్పు వెదికినవాళ్ళు రాశారు. మరికొన్నింటిని కోర్టులు రాయించాయి. ఇవాళ అవన్నీ ఒకే కాగితం మీద ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కనే ఉన్నాయి. వాటి పుట్టుక తెలియనివారు అన్నిటినీ ఒకే గొంతుతో అడుగుతారు. జవాబు చెప్పే తల్లికి మాత్రం ఏ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తూనే ఉంటుంది.

ఈ పాఠంలో మందబుద్ధి, ఇడియట్ వంటి పాత మాటలు కొన్నిచోట్ల వస్తాయి. ఆనాటి వైద్యులు, చట్టాలు వాడిన పదాలు కాబట్టి వాటిని ఉంచాం. మీ నివేదికల్లో వాటికి చోటు లేదు.

7.2 చెప్పేవారు లేని పిల్లవాడు

1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని అవేరాన్ ప్రాంతంలో, అడవుల్లో తిరుగుతున్న ఒక పిల్లవాడు మనుషుల మధ్యకు వచ్చాడు. వయసు పదకొండు, పన్నెండు ఉండవచ్చని అంచనా వేశారు. మాట లేదు, ఒంటిమీద బట్ట నిలవదు. అతనికి తల్లి ఎవరో, ఊరు ఏదో చెప్పగలవాళ్ళు లేరు. రోదెజ్‌లో ప్రకృతి శాస్త్రం బోధించే బొనాతేర్ అనే మతాచార్యుడు కొన్ని నెలలు అతన్ని గమనించి, అంతకుముందు అతన్ని చూసిన పల్లెవాసులు చెప్పిన సంగతులు కూడా చేర్చి, అదే ఏడాది ఒక చిన్న పుస్తకం వేశాడు. మనం ఇవాళ పూర్వ వృత్తాంతం అంటున్న పనికి అది ఒక తొలి నమూనా.

తర్వాత పిల్లవాణ్ణి పారిస్‌కు తీసుకువెళ్ళారు. అక్కడ ఇద్దరు వైద్యులు అతన్ని చూసి రెండు వేర్వేరు తీర్పులు చెప్పారు. మానసిక వైద్యంలో అప్పటికే పెద్ద పేరున్న ఫిలిప్ పినెల్, తన ఆసుపత్రుల్లోని పిల్లలతో పోల్చి చూసి, ఇతను బాగుపడని ఇడియట్ అన్నాడు. ఇంకా ముప్ఫయ్యేళ్ళు నిండని జా మార్క్ ఇటార్డ్ ఒప్పుకోలేదు. పిల్లవాడి గొంతు మీద కత్తి గాటు మచ్చ ఒకటి ఉంది. నాలుగైదేళ్ళ వయసులో ఎవరో గొంతు కోసి అడవిలో వదిలేసి ఉంటారనీ, అప్పటినుంచి మనిషి తోడు లేకపోవడమే ఈ స్థితికి కారణమనీ ఇటార్డ్ వాదించాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇద్దరూ చూసింది ఒకే పిల్లవాణ్ణి, ఒకే ప్రవర్తనను. తేడా అంతా వెనకటి కథలో ఉంది. పుట్టుకతోనే ఇలా ఉన్నాడనుకుంటే బోధన దండగ. ఒంటరితనం వల్ల ఇలా అయ్యాడనుకుంటే బోధన తప్పనిసరి. ఆ కథను చెప్పగలవారు లేకపోవడంతో ఒక మచ్చే సాక్షి అయింది.

ఇటార్డ్ అతనికి విక్టర్ అని పేరు పెట్టి, గెరాఁ అనే గృహిణి సంరక్షణలో ఉంచి, దాదాపు ఐదేళ్ళు బోధించాడు. 1801లో ఒకటి, 1806లో ఒకటి నివేదికలు రాశాడు. విక్టర్ కొన్ని పదాలు చదవడం, అక్షరాలతో కూర్చడం నేర్చాడు గాని మాట రాలేదు. 1828లో చనిపోయాడు. పినెల్, ఇటార్డ్‌లలో ఎవరి మాట నిజమన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. విక్టర్‌కు ఆటిజం ఉండి ఉండవచ్చని ఈ కాలపు పరిశోధకులు కొందరు అన్నారు. తేల్చడానికి అవసరమైన సమాచారం 1800లోనే లేదు మరి.

7.3 బడి అడిగిన ప్రశ్నలు

పందొమ్మిదో శతాబ్దం చివరికి ఐరోపాలోనూ అమెరికాలోనూ చదువు నిర్బంధమైంది. దాంతో బడిలో వెనకబడే పిల్లలు పెద్ద సంఖ్యలో కంటపడ్డారు. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ దగ్గరికి ఒక ఉపాధ్యాయురాలు పద్నాలుగేళ్ళ విద్యార్థిని తీసుకువచ్చింది. తెలివైనవాడే, అక్షరక్రమం మాత్రం పట్టుబడడం లేదు. విట్మర్ పరిశీలిస్తే చూపులో లోపం ఉన్నట్టు తేలింది. మొదటి మానసిక చికిత్సాలయం ఆ పిల్లవాడితోనే మొదలైంది. బళ్ళో అన్నేళ్ళు చదివినా అతని కంటి సంగతి ఎవరూ కనుక్కోలేదన్నది మనం గమనించాల్సిన విషయం.

ఫ్రాన్స్‌లో 1904లో విద్యామంత్రి ఒక సంఘాన్ని వేశాడు. పరీక్ష చేయకుండా ఏ పిల్లవాణ్ణీ మామూలు బడి నుంచి తీసి ప్రత్యేక బడికి పంపకూడదన్నది ఆ సంఘం నిర్ణయం. పరీక్ష ఎలా ఉండాలో చెప్పే బాధ్యతను ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ తీసుకున్నారు. 1905 నాటి వారి ప్రజ్ఞామాపని గురించి మీరు ఇదివరకే చదివారు. దానికి ముందు వాళ్ళు చేసిన ఒక పని అంత ప్రచారం పొందలేదు. ఒకే పిల్లవాడికి కొద్ది రోజుల తేడాలో వేర్వేరు ఆసుపత్రులు ఇచ్చిన ధ్రువపత్రాలను వాళ్ళు పక్కపక్కన పెట్టి చూశారు. ఒకచోట ఇడియట్, ఇంకోచోట ఇంబెసైల్ అని రాసి ఉంది. వైద్యుల మాటకే నిలకడ లేనప్పుడు ఇంట్లోవాళ్ళ మాటనూ బడివాళ్ళ మాటనూ ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. పరువు పోతుందని లోపాన్ని దాచే తల్లిదండ్రులున్నారు. అల్లరి పిల్లవాణ్ణి వదిలించుకోవాలనుకునే బడులూ ఉన్నాయి. అందుకే ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పనిలేని కొలత ఒకటి కావాలని బినే భావించాడు.

ఆ కొలతను మాత్రం ఆయన ఒంటరిగా నిలబెట్టలేదు. వైద్య పరీక్ష, విద్యాపరమైన పరిశీలన, మానసిక పరీక్ష అనే మూడూ కలవాలన్నాడు. తొమ్మిదేళ్ళలోపు పిల్లవాడు చదువులో రెండేళ్ళు వెనకబడినా, తొమ్మిది దాటినవాడు మూడేళ్ళు వెనకబడినా అనుమానించవచ్చు, కాని అసలు ఎన్నాళ్ళు బడికి వచ్చాడో ముందు చూడండి అన్నాడు. రాని బడిలో వెనకబడడం లోపం కాదు. మన హాజరు పట్టికకు మదింపులో చోటు దొరికింది ఈ ఆలోచనతోనే.

7.4 కుటుంబం ముద్దాయి అయిన కాలం

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1846లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం మందబుద్ధి గలవారి స్థితి తెలుసుకోవడానికి ఒక సంఘాన్ని నియమించింది. అంధుల విద్యలో ప్రసిద్ధుడైన శామ్యూల్ హోవ్ దాన్ని నడిపించాడు. ఊరూరా తిరిగి, ఇళ్ళకు వెళ్ళి, కుటుంబాల వివరాలు రాసుకుని 1848లో నివేదిక ఇచ్చాడు. ఇలాంటి పిల్లలకు కూడా చదువు చెప్పవచ్చని ప్రభుత్వాన్ని ఒప్పించిన నివేదిక అది. ఆ మేలు చిన్నది కాదు. అయితే ఇలాంటి పిల్లలు ఎందుకు పుడతారన్న ప్రశ్నకు అందులో ఉన్న జవాబు వేరు. ప్రకృతి నియమాలను తల్లిదండ్రులు అతిక్రమించడం వల్ల అని హోవ్ రాశాడు. తాగుడు, దగ్గరి బంధువుల మధ్య పెళ్ళి, గర్భం పోగొట్టుకునే ప్రయత్నాలు ఆయన చూపిన కారణాల్లో ఉన్నాయి. ఇంటికి వెళ్ళి అడగడమనే మంచి పద్ధతి, తప్పు మీదేనని తేల్చే ఉద్దేశం ఒకే నివేదికలో కలిసిపోయాయి. ఆ ముడి విడదీయడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో సుప్రజనన వాదం బలపడింది. మంచి వంశాలు పెరగాలి, చెడ్డ వంశాలు ఆగాలి అన్నది క్లుప్తంగా ఆ వాదం. న్యూజెర్సీలోని వైన్‌లాండ్ శిక్షణ పాఠశాలలో పరిశోధకుడుగా చేరిన హెన్రీ గొడార్డ్ బినే పరీక్షను అమెరికాకు తెచ్చినవాడు. ఆ సంస్థలో ఒక యువతి ఉండేది. ఎనిమిదేళ్ళ వయసులో 1897లో అక్కడ చేరింది. గొడార్డ్ ఆమెకు డెబొరా కాలికాక్ అని మారుపేరు పెట్టి, ఆమె వంశం గురించి 1912లో ఒక పుస్తకం రాశాడు. స్వాతంత్ర్య యుద్ధ కాలపు సైనికుడొకడు ఒక మందబుద్ధి యువతి వల్ల కన్న కొడుకు నుంచి 480 మంది సంతతి కలిగారనీ, వారిలో 143 మంది మందబుద్ధులనీ, 46 మంది మాత్రమే మామూలువారనీ అందులో లెక్క చూపాడు. అదే సైనికుడు గౌరవనీయ కుటుంబంలోని భార్య వల్ల కన్న సంతానమంతా పెద్దమనుషులట.

ఆ లెక్క ఎలా వచ్చిందో చూడండి. గొడార్డ్ శిక్షణ ఇచ్చిన క్షేత్ర కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళారు. బతికి ఉన్నవారిని చాలాసార్లు ఏ పరీక్షా లేకుండా, ముఖం, నడక, ఇంటి శుభ్రత చూసి మందబుద్ధులని రాసుకున్నారు. చనిపోయినవారి గురించి ఇరుగుపొరుగు ముసలివాళ్ళను అడిగారు. నూరేళ్ళనాటి మనిషి తెలివితేటలను ఎవరో విన్నామని చెప్పిన మాటతో నిర్ణయించారు. అలవాటైన కన్నుకు చూడగానే తెలిసిపోతుందని గొడార్డ్ నమ్మకం. తర్వాతి కాలంలో వంశచరిత్ర పరిశోధకులు పాత దస్తావేజులు తిరగేస్తే, ఆ కథకు మూలపురుషుడని చెప్పిన కొడుకు అక్రమ సంతానమే కాదనీ, సొంత భూమి ఉన్న రైతనీ తేలింది. డెబొరా మాత్రం 1978లో చనిపోయేదాకా సంస్థల్లోనే ఉండిపోయింది. ఆమె కుట్టుపని, వడ్రంగం బాగా చేసేదనీ, వాద్యం వాయించేదనీ గొడార్డ్ పుస్తకమే చెబుతుంది. ఆ వివరాలు సేకరించారు, రాశారు, లెక్కలోకి తీసుకోలేదు.

1910లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో వెలసిన యూజెనిక్స్ రికార్డ్ ఆఫీసు ఇలాంటి క్షేత్ర కార్యకర్తలకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చింది. అక్కడ పనిచేసిన హారీ లాఫ్లిన్ పేరు మనం తర్వాతి కథలో వింటాం.

వర్జీనియా రాష్ట్రంలో కేరీ బక్ అనే అమ్మాయి చిన్నప్పటినుంచి ఒక పెంపుడు కుటుంబంలో పెరిగింది. ఆరో తరగతి అయ్యాక బడి మాన్పించి ఇంటిపనిలో పెట్టారు. పదిహేడేళ్ళ వయసులో ఆమె గర్భవతి అయింది. పెంచినవాళ్ళ బంధువు బలాత్కారం చేశాడని ఆమె తర్వాత చెప్పింది. 1924లో ఆమెను మందబుద్ధి గలవారి ఆశ్రమానికి పంపారు. కేరీ తల్లి అప్పటికే అక్కడ ఉంది. అదే ఏడాది వర్జీనియా, ఇలాంటివారికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయవచ్చని చట్టం చేసింది. ఆ చట్టాన్ని కోర్టులో నిలబెట్టడానికి కేరీ కేసును ఎంచుకున్నారు. లాఫ్లిన్ ఆమెను ఒక్కసారి కూడా చూడకుండానే ఆమె వంశం గురించి వాంగ్మూలం పంపాడు. కేరీ కన్న పాపకు అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆ పాప చూపులో ఏదో తేడా ఉందని ఒక సాంఘిక కార్యకర్త సాక్ష్యం చెప్పింది. అమ్మమ్మ, అమ్మ, పాప, మూడు తరాలూ ఇంతేనన్న వాదన అలా పూర్తయింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు 8-1 తేడాతో శస్త్రచికిత్సను సమర్థించింది. ఆ ఏడాదే కేరీకి ఆపరేషన్ జరిగింది.

కేరీ బడి రికార్డులు తర్వాతి కాలంలో బయటపడ్డాయి. ఆమె నడవడి, చదువు చాలా బాగున్నాయని ఉపాధ్యాయురాలు రాసి ఉంది. ఆమె కూతురు వివియన్ బడికి వెళ్ళి, 1931లో మంచి మార్కులవారి జాబితాలో పేరు తెచ్చుకుని, ఎనిమిదేళ్ళ వయసులో జబ్బుచేసి చనిపోయింది. కేరీ రికార్డులు విచారణ నాటికే బడిలో ఉన్నాయి. ఆ కాగితాన్ని కోర్టు ముందుకు తెచ్చినవారు లేరు, ఆమె తరఫు వకీలు సైతం. తరచుగా పూర్వ వృత్తాంతం తప్పుడు సమాచారం వల్ల చెడిందని రాస్తుంటారు. కేరీ విషయంలో అడగని సమాచారం వల్ల జరిగిన చెరుపు ఎక్కువని నా అభిప్రాయం.

ఈ ధోరణి అమెరికాతో ఆగలేదు. గొడార్డ్ పుస్తకం జర్మన్‌లోకి వెళ్ళింది. 1933లో నాజీ ప్రభుత్వం బలవంతపు శస్త్రచికిత్సల చట్టం తెచ్చింది. గొడార్డ్ 1928 నాటికి తన పాత అభిప్రాయాలు చాలావరకు మార్చుకున్నాడు. పుస్తకం అతనితోపాటు మారలేదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: గొడార్డ్ కార్యకర్తలు సేకరించిన సమాచారంలో స్వయంగా చూసినది ఏది, ఎవరో చెప్పగా విన్నది ఏది, ఊహించినది ఏది? పై వివరాల నుంచి ఒక్కోదానికి ఒక ఉదాహరణ రాయండి.

7.5 సాక్ష్యాన్ని తూచడం

పై ప్రశ్న మేరీ రిచ్‌మండ్ నేర్పినది. ఆమె 1917లో సోషల్ డయాగ్నోసిస్ అనే పెద్ద గ్రంథం ప్రచురించింది. సాంఘిక కార్యకర్తలు కుటుంబాల గురించి రాసే నివేదికలను ఆమె వకీలు చదివినట్టు చదివింది. కంటితో చూసిన వస్తుసాక్ష్యం వేరు, ఒకరు చెప్పిన వాంగ్మూలం వేరు, పరిస్థితులను బట్టి మనం తీసిన నిర్ధారణ వేరు అంది. చెప్పే మనిషికి ఆ సంగతి తెలిసే అవకాశం ఉందా, అలా చెప్పడంలో అతనికి ఏమైనా లాభం ఉందా అని చూడమంది. జవాబును ముందే నోట్లో పెట్టే ప్రశ్నలు వద్దంది. ఈ గ్రంథం గొడార్డ్ పుస్తకం తర్వాత ఐదేళ్ళకే వచ్చింది. అంటే ఆ కాలంలో అంతకంటే మంచి పద్ధతి ఎవరికీ తెలియదన్న సాకు చెల్లదు.

ఇంకో మలుపు గొడార్డ్ పనిచేసిన వైన్‌లాండ్‌లోనే వచ్చింది. అక్కడ పరిశోధన విభాగాన్ని నడిపిన ఎడ్గార్ డాల్ 1935లో వైన్‌లాండ్ సాంఘిక పరిపక్వత మాపనిని వెలువరించాడు. ఇందులో 117 అంశాలున్నాయి. పిల్లవాణ్ణి బాగా ఎరిగినవారిని కూర్చోబెట్టి అడుగుతారు: తనంతట తాను తింటాడా, గుండీలు పెట్టుకుంటాడా, ఊళ్ళో ఒంటరిగా తిరిగి రాగలడా? చేయగలడా అని కాదు, రోజూ చేస్తున్నాడా అని. మీ వంశం ఎలాంటిది అన్న ప్రశ్న ఇందులో లేదు. తల్లి ఇక్కడ ముద్దాయి కాదు, తన బిడ్డ గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన సాక్షి.

నాగపూర్‌లో ఎ.జె. మాలిన్ ఈ మాపనిని భారతీయ పరిస్థితులకు అనుగుణంగా మార్చాడు. 89 అంశాలున్న ఆ రూపమే మన దేశంలో మదింపు కేంద్రాల్లో విరివిగా వాడుకలోకి వచ్చింది. మీ ప్రాక్టికల్స్‌లో వాడబోయేది కూడా అదే.

7.6 కోర్టులు చేర్చిన ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ప్రత్యేక తరగతులు బాగా పెరిగాయి. చేర్చుకోవడానికి చాలాచోట్ల ప్రజ్ఞాలబ్ధి అంకె ఒక్కటే ఆధారమైంది. ఇంటికి వెళ్ళి అడగడమన్నది మూలపడింది. ఇంటిని నిందించడం మానేశారు, దాంతోపాటు ఇంటిని అడగడమూ మానేశారు. దాని ఫలితాన్ని 1970లో వెలువడిన ఒక ప్రభుత్వ నివేదిక ఆరు గంటల మందబుద్ధి అని పేర్కొంది. బడిలో ఉన్న ఆరు గంటలూ మందబుద్ధి అనిపించుకునే పిల్లవాడు, ఇంటికి వెళ్ళగానే తమ్ముళ్ళను చూసుకుంటాడు, అంగడికి వెళ్ళి చిల్లర సరిగా లెక్కపెట్టి తెస్తాడు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ పట్టణంలో జేన్ మెర్సర్ అనే సామాజిక శాస్త్రవేత్త చేసిన దీర్ఘకాల అధ్యయనంలోనూ ఇదే తేలింది. ప్రజ్ఞాలబ్ధి తక్కువ వచ్చిన మెక్సికన్, నల్లజాతి పిల్లల్లో చాలామంది ఇంటి జీవితంలో మామూలుగానే నడుచుకుంటున్నారు.

1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు వచ్చింది. స్పానిష్ మాట్లాడే ఇళ్ళ నుంచి వచ్చిన తొమ్మిది మంది పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి మందబుద్ధి తరగతుల్లో వేశారు. స్పానిష్‌లో మళ్ళీ పరీక్షిస్తే వారిలో ఎక్కువమంది ఆ గీత దాటి పైకి వచ్చారు. ఇంటి భాషలో పరీక్షించాలన్న ఒప్పందంతో కేసు ముగిసింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్న ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఆ పిల్లలు కోర్టు దాకా రావలసిన పని లేదు.

శాన్ ఫ్రాన్సిస్కోలో లారీ పి. కేసు ఇంకా లోతుకు వెళ్ళింది. ఆ నగరం బడుల్లో నల్లజాతి పిల్లలు 28.5 శాతం. మందబుద్ధి తరగతుల్లో మాత్రం 66 శాతం. 1972లో తాత్కాలిక ఉత్తర్వు, 1979లో జడ్జి రాబర్ట్ పెకమ్ తుది తీర్పు వచ్చాయి. ఆ తరగతుల్లో వేయడానికి నల్లజాతి పిల్లల మీద ప్రజ్ఞా పరీక్షలు వాడకూడదని ఆయన ఆదేశించాడు.

ఈ రెండు తేదీల మధ్యే, 1975 నవంబరు 29న, అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో వికలాంగ బాలలందరి విద్యా చట్టం వచ్చింది. తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, పరీక్ష పిల్లవాడి మాతృభాషలో ఉండాలి, ఏ ఒక్క పరీక్షతోనూ నిర్ణయం చేయకూడదు అన్నది ఆ చట్టం. సాంఘిక, సాంస్కృతిక నేపథ్యాన్ని, రోజువారీ ప్రవర్తనను కూడా చూడాలని దాని నియమాలు చెప్పాయి. అంతకు ఏడాది ముందు వచ్చిన మరో చట్టం బడి దగ్గరున్న రికార్డును తల్లిదండ్రులు తెరిచి చూసే హక్కు ఇచ్చింది. కేరీ బక్ నాటికి ఈ రెండు చట్టాలూ ఉండి ఉంటే అని అనుకోకుండా ఉండలేం.

గమనించండి: ఇంటికి వెళ్ళడం, తల్లిని అడగడం, ఇరుగుపొరుగు మాట వినడం అన్నవి గొడార్డ్ కార్యకర్తలు చేసిన పనులే. ఇప్పుడు చట్టం చేయమంటున్నదీ అవే. అప్పుడు ఆ సమాచారం పిల్లవాడి మీద ముద్ర వేయడానికి పనికొచ్చింది. ఇప్పుడు పరీక్ష వేసిన ముద్రను ప్రశ్నించడానికి పనికొస్తోంది.

7.7 మన పత్రంలో

మన దేశానికి ప్రజ్ఞా పరీక్షలు ముందు వచ్చాయి. లాహోర్‌లో హెర్బర్ట్ రైస్ 1920లలోనే బినే పరీక్షకు హిందుస్తానీ రూపం తయారుచేశాడు. ధార్వాడ్‌లో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం చేసిన రూపం బినే-కామత్ పరీక్షగా నేటికీ వాడుకలో ఉంది. కుటుంబాన్ని పద్ధతిగా అడిగే అలవాటు సాంఘిక సేవా విద్యతోనూ పిల్లల మార్గదర్శక క్లినిక్‌లతోనూ వచ్చింది. తెలుగు ప్రాంతానికి సంబంధించినంతవరకు 1984 పెద్ద మలుపు. ఆ ఏడాది సికింద్రాబాద్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ప్రస్తుతం దాని పేరులో మానసిక వికలాంగులు అన్న మాట పోయి, మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత అని చేరింది. 1992లో భారత పునరావాస మండలి చట్టం, 1995లో వికలాంగుల చట్టం, దాని స్థానంలో 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 చట్టం వచ్చాయి.

ఇక మీ చేతిలోని పత్రాన్నే చూద్దాం. మేనరికమా అన్న ప్రశ్న మన దగ్గర ఎంత మామూలుదో, అంత పదునైనది. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళలో కొన్ని జన్యు సంబంధ వ్యాధులకు అవకాశం కొంత ఎక్కువ కాబట్టి వైద్యపరంగా దాని అవసరం ఉంది. అయితే 1848 నాటి హోవ్ జాబితాలో ఇదే అంశం తల్లిదండ్రుల తప్పుగా నమోదైందని మీరు చదివారు. అత్తగారు పక్కన కూర్చుని ఉండగా కోడల్ని ఈ ప్రశ్న అడిగితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మీ పుట్టింటివాళ్ళలో ఎవరికైనా ఉందా అన్న మాట అత్తగారి నోట వెంటనే వస్తుంది. అక్కడినుంచి ఆ తల్లి ఇచ్చే జవాబులన్నీ తనను కాపాడుకునే జవాబులే అవుతాయి. ఆ ప్రశ్నను పత్రంలో ఏ వరసలో ఉంటే ఆ వరసలో అడగాలన్న నియమం లేదు. విడిగా, చివర్లో, ఎందుకు అడుగుతున్నారో చెప్పి అడగవచ్చు.

పుట్టిన తేదీ చూడడానికి తేలిక ప్రశ్న. ఒక తరం క్రితం వరకు దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడాది, ఆ తర్వాతి సంక్రాంతికి నెలల పిల్ల, ఇలా లెక్క చెప్పేవారు. నిజానికి అది నమ్మదగిన లెక్కే, ఎందుకంటే 1977 నవంబరు అని మనం సరిచూసుకోవచ్చు. నమ్మలేనిది బడి రిజిస్టరు. ఐదేళ్ళు నిండినట్టు చూపడానికి జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసి చేర్చుకోవడం చాలాచోట్ల జరిగేదే. దాని ఫలితం లెక్కవేసి చూడండి. బినే-కామత్ పరీక్షలో ఒక పాపకు మానసిక వయసు ఐదేళ్ళని వచ్చిందనుకుందాం. అసలు వయసు ఆరేళ్ళయితే ప్రజ్ఞాలబ్ధి 83. రిజిస్టరులో ఏడేళ్ళని ఉండి మీరు దాన్నే తీసుకుంటే 71. పాప మారలేదు, పరీక్ష మారలేదు. అంగన్‌వాడీ రిజిస్టరు, మాతా శిశు సంరక్షణ కార్డు అడిగి చూస్తే ఆ పన్నెండు పాయింట్లు తిరిగి వస్తాయి.

ఇంటి భాష అన్న గడిలో తెలుగు అని అడగకుండానే రాసేవారున్నారు. ఆదిలాబాద్‌లో గోండి, భద్రాచలం వైపు కోయ, శ్రీకాకుళం కొండల్లో సవర, తెలంగాణ తండాల్లో లంబాడీ, నగరాల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు తెలుగు బడికి వస్తున్నారు. ఒకటో తరగతిలో మాట తక్కువ, చెప్పింది అర్థం చేసుకోలేదు అని పంపిన పాప, తండాలో తన ఈడువాళ్ళకు ఆట నేర్పుతుండవచ్చు. డయానా కేసులోని తొమ్మిది మంది పిల్లల స్థానంలో ఆమెను పెట్టి చూడండి. అలాంటిచోట ఆ భాష తెలిసిన మనిషిని తోడు తీసుకువెళ్ళాలి. పాప అన్ననో అక్కనో దుబాసీగా కూర్చోబెడితే, ఇంటి గుట్టు వాళ్ళ ముందు చెప్పలేక తల్లి సగం మింగేస్తుంది.

చాలా పత్రాల్లో మొదటి పేజీ మీదే సమాచారం ఇచ్చినవారు, పిల్లవాడితో సంబంధం, సమాచారం ఎంతవరకు నమ్మదగినది అని మూడు గడులుంటాయి. మూడో గడిలో నమ్మదగినది అని ఒక్కమాట రాసి ముందుకు పోవడం అలవాటైపోయింది. రిచ్‌మండ్ 1917లో అడిగిన ప్రశ్న సరిగ్గా ఈ గడే. మేనమామ చెప్పాడా, అతను పిల్లవాడితో ఒకే ఇంట్లో ఉంటాడా? నడక వచ్చిన నెల తల్లికి గుర్తుండి చెప్పిందా, మీరు ఏడాదికి నడిచాడా అంటే ఆఁ అందా? ఫిట్స్ సంగతి ఆసుపత్రి చీటీలో చూశారా, విన్నారా? నమ్మదగినది అన్న మాట బదులు ఈ వివరాలు రెండు మూడు వాక్యాల్లో రాయండి. గడిలో చోటు చాలకపోతే కాగితం వెనక రాయండి.